మనసు హాజరు

తెర మీద పచ్చగీత ముప్పై ఒకటి దగ్గర ఆగింది. కాస్త వణికి ముప్పైకి జారింది.

"వింటున్నారా అమ్మా?" అన్నాడు డాక్టర్ పరంజ్యోతి.

"వింటున్నానండి."

"ఇప్పుడేం చెప్పింది?"

కాశీరత్నం గోడ వైపు చూసింది. నలభై రెండేళ్ల మనిషి. ఒంటి మీద లాంచీ సర్వీసు వాళ్ల నారింజ రంగు చొక్కా, నుదుటి చుట్టూ వేలెడు వెడల్పున్న నల్లటి పట్టీ. ఆ పట్టీలోంచి ఒక ఆడగొంతు ఇరవై నిమిషాలుగా తియ్యగా, ఓపిగ్గా, కాంట్రాక్టు చట్టం చెబుతోంది.

"ఏదో ఒప్పందం గురించండి. ఒకాయన ఆవుని అమ్ముతానంటాడు. తర్వాత ఆవు ఏమైందో నేను చూసుకోలేదండి."

పరంజ్యోతి నవ్వలేదు. పట్టీ ఆయనే కనిపెట్టాడు కాబట్టి గీత పడిపోయినప్పుడల్లా తన ఒంట్లో నెత్తురు తగ్గినట్టు బాధపడేవాడు. "డెబ్బై ఉండాలమ్మా. మీకు పట్టే గొంతు కోసం పట్టీ ఇప్పటికి ఆరు గొంతులు మార్చింది. నెలాఖరుకి గీత లేవకపోతే మీ పేరు రోల్సులోంచి తీసేస్తారు. నా చేతిలో లేదు," అన్నాడు.

ఈ పట్టీ సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఒకప్పుడు లా డిగ్రీని దూరవిద్యలో చదవనిచ్చేవారు కాదు. ఇంట్లో కూర్చుని చదివితే లాయరు కాడని, క్లాసుకు హాజరై తీరాలని పెద్దల పట్టు. ఆ హాజరు ఎంత చక్కగా ఉండేదో లా కాలేజీ గుమ్మం తొక్కినవాళ్లకి తెలుసు. ఒకడు లేచి నలుగురి తరఫునా పలికేవాడు. పలికించుకున్న నలుగురిలో ఇద్దరు తర్వాత జడ్జీలయ్యారని కూడా చెప్పుకునేవారు. శరీరం బెంచీ మీద ఉండి మనసు క్యాంటీన్లో ఉంటే దాన్ని హాజరంటారా అని పరంజ్యోతి అడిగాడు. మనిషి ఒక మాటను నిజంగా వింటున్నప్పుడు నుదుటి వెనక నెత్తురు ఒక తీరుగా పరుగెడుతుంది, వినడం మానేస్తే ఇంకో తీరుగా. ఆ తేడాని కొలిచేదే ఈ పట్టీ. పెద్దల కమిటీ నమ్మలేదు. ఆయన వాదించకుండా ఇరవై మంది సభ్యులకీ తలకో పట్టీ కట్టి, వాళ్ల చైర్మన్‌నే అరగంట మాట్లాడమన్నాడు. అందరి సరాసరీ పద్నాలుగు వచ్చింది. ఆ కాగితం పేపర్ల వాళ్ల చేతికి వెళ్లకముందే దూరవిద్యలో లా చదువుకు అనుమతి వచ్చేసింది.

ఉక్రోషం ఊరికే పోదు కదా, కమిటీ ఒక మెలిక పెట్టింది. చదువు అయ్యాక కూడా ప్రతి లాయరూ ఏటా అరవై గంటలు, గీత డెబ్బైకి తగ్గకుండా, కొత్త చట్టాల పాఠాలు వినాలి. మార్చి ముప్పై ఒకటికి లెక్క తేలకపోతే సన్నదు రద్దు. సన్నదు లేనివాడు కోర్టులో నోరెత్తడానికి లేదు.

"పేరు తీసేస్తే ఇంకో ఏడాది చేరొచ్చాండి?" అని అడిగింది కాశీరత్నం.

"చేరొచ్చు. ఏం తొందర?"

"ఆరేళ్లే ఉన్నాయండి నాకు. చదువే అయిదేళ్లు."

ఎందుకు ఆరేళ్లో ఆయన అడగలేదు. ఆమె చెప్పలేదు. మనం చెప్పుకుందాం.

మాధవరేవులో పెట్రోలు బళ్లు ఎత్తేశాక నదే రోడ్డయింది. బడికీ ఆస్పత్రికీ కోర్టుకీ అందరూ లాంచీల మీదే. కాశీరత్నం మొగుడు ఓలేటి ధనుంజయ ఆ లాంచీల్లో ఒకదానికి సరంగు, అంటే నడిపేవాడు. యాభై రెండు మందికి కట్టిన లాంచీలో ఓనరు తొంభై మందిని ఎక్కించిన ఒక పండగ పూట ఇంజను ఆగింది, లాంచీ వంతెన స్తంభానికి కొట్టుకుంది. పదకొండు మంది పోయారు. ధనుంజయ ఏడుగురిని ఒడ్డుకి చేర్చి ఎనిమిదో మనిషి కోసం వెళ్లి తిరిగి రాలేదు.

విచారణలో ఓనరు తరఫున లాయరు జలంధరరావు లేచాడు. బారుకి ప్రెసిడెంటు. ఊళ్లో సగం మంది లాయర్లు ఆయన దగ్గర ఫైళ్లు మోసి పైకొచ్చినవాళ్లే. ఆయనకో అలవాటుండేది. మూడు పొడుగాటి ప్రశ్నలు మెత్తగా అడిగి, చిన్నగా దగ్గి, "అదలా ఉంచండి" అనేవాడు. ఆ మాట తర్వాత వచ్చే నాలుగో ప్రశ్నకి మనిషి లేవలేడు.

"ఆ పొద్దున మీ ఆయన చేతిలో సారా సీసా ఉందా అమ్మా?"

కాశీరత్నం అబద్ధం ఆడలేదు. "ఉందండి. తొలి ట్రిప్పుకి ముందు సరంగులందరూ గంగమ్మకి పోస్తారండి. చేతులు చొక్కాకి తుడుచుకుంటారు. అంతేనండి."

"అదలా ఉంచండి. తాగింది గంగమ్మా, గంగమ్మ పేరు చెప్పి ఈయనా?" కోర్టులో నవ్వులు. "ఎంతవరకు చదువుకున్నావు?"

"ఇంటర్ తప్పానండి."

జలంధరరావు జడ్జీ వైపు తిరిగి చేతులు చాపాడు. "చూశారా యువర్ ఆనర్. మొగుడు రేవు తప్పాడు, పెళ్లాం పరీక్ష తప్పింది."

అప్పుడు వచ్చిన నవ్వు మామూలు నవ్వు కాదు. బంట్రోతు నవ్వాడు. టైపిస్టు నవ్వింది. ఆమె తరఫు లాయరు ఫైలు అడ్డం పెట్టుకుని నవ్వాడు. కోర్టు నవ్వుకి ఒక గుణం ఉంది, అది రికార్డులోకి ఎక్కదు. తీర్పు మాత్రం ఎక్కింది: సరంగు తాగి నడపడం వల్లే ప్రమాదం. లాంచీ పేరు చెరిపేసి రంగు వేసుకుని ఓనరు మళ్లీ వ్యాపారంలోకి దిగాడు. ధనుంజయ పేరుకి వేసిన రంగు మాత్రం పోలేదు. సీసా ఉందని ఒప్పుకున్నది తానేనన్న మాట కాశీరత్నం గొంతులో ముల్లులా ఉండిపోయింది.

పునర్విచారణ చట్టం అని కొత్తది ఒకటి వచ్చింది. రికార్డులో ఉండి కూడా కోర్టు కంటపడని కాగితం దొరికితే పదేళ్లలోపు పాత తీర్పును తిరగదోడవచ్చు. ఆమె ఊళ్లో ఇరవై ఆరుగురు లాయర్ల మెట్లెక్కింది. జలంధరరావు గారి మీదా అని అందరూ గుమ్మంలోనే ఆపేశారు. తానే పిటిషన్ రాసుకుని వెళితే, "ఈవిడ భాష కోర్టుకి అర్థం కావడం లేదు" అని ఆయన ఒక్క ముక్క అన్నాడు, కాగితం తిరిగొచ్చింది. ఆ సాయంత్రం ఇంటర్ పుస్తకాలు కొంది. పాసైంది. తీర్పు వచ్చిన నాలుగో ఏడు దూరవిద్య లాలో చేరింది. ప్రమాదం తర్వాత ప్రతి ప్రయాణికుడికీ లైఫ్ జాకెట్టు మనిషి చేత్తో కట్టాలని రూలు పెట్టి, ప్రభుత్వం సొంత లాంచీలు దింపింది. ఆ జాకెట్లు కట్టే ఉద్యోగం ఆమెది. ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య పట్టీ పెట్టుకునేది.

కసి ఉంటే చదువు అదే వస్తుందని ఆమె అనుకుంది. రాలేదు. ఆవుని అమ్మేవాడి గొడవ ఆమెకెందుకు?

నెలాఖరుకి ఇంకా పది రోజులుందనగా ఆమెని ఉదయం ఎనిమిది గంటల లాంచీకి మార్చారు. సోమవారం. అవతలి ఒడ్డున ఎక్కినవాళ్లకి వరసగా జాకెట్లు కడుతుంటే ఒక తెల్లచొక్కా ముందుకొచ్చింది. ఆమె తలెత్తి చూడలేదు. గొంతు వినబడింది.

"గట్టిగా కట్టమ్మాయ్. మీ వాళ్ల చేతుల్లో ప్రాణం పెట్టి కూర్చుంటున్నాం." చిన్న దగ్గు. "అదలా ఉంచు. మీ సరంగు పొద్దున్నే ఏమైనా వేసుకొచ్చాడా?"

వెనకున్న జూనియర్లు పకపకా నవ్వారు. కాశీరత్నం చేతులు తాడు ముడి దగ్గర ఆగిపోయాయి. జలంధరరావు ఆమెని గుర్తుపట్టలేదు. నాలుగేళ్లు ఆమె ఎవరి మొహాన్ని రోజూ తలుచుకుంటూ అన్నం తిన్నదో, ఆ మనిషికి ఆమె మొహం గుర్తే లేదు. సరిగ్గా అప్పుడు, ఆమె తీయడం మరిచిపోయిన నుదుటి మీది పట్టీ మూడుసార్లు కంపించింది. బాగా వింటున్నారని మెచ్చుకోవడం దాని పద్ధతి. మణికట్టు మీది చిన్న తెరలో గీత తొంభై ఏడు.

మర్నాడు పాఠం మొదలుపెట్టగానే పట్టీ చిన్నగా దగ్గింది. "నమస్కారం. ఈరోజు సాక్ష్యం గురించి చెప్పుకుందాం," అంది జలంధరరావు గొంతుతో.

ఆమె పట్టీ పీకి లాంచీ అడుగుకేసి కొట్టింది. మధ్యాహ్నం దాన్ని చేతిరుమాల్లో మూటగట్టుకుని స్టడీ సెంటరుకి వెళ్లింది. పరంజ్యోతి తెర మీద గీతని ముందు రోజుకి తిప్పి చూశాడు.

"కోర్టు వాదనలన్నీ రికార్డై లా విద్యార్థుల కోసం లైబ్రరీలో ఉంటాయమ్మా. ఆయనవి నలభై ఏళ్లవి ఉన్నాయి, జూనియర్లకి చెప్పిన పాఠాలతో సహా. నిన్న ఆ గొంతుకి మీ గీత లేచింది. పట్టీ వెళ్లి ఆ గొంతు తెచ్చుకుంది. మంచీ చెడ్డా దానికి తెలియదు. పసివాడు ఏ బొమ్మ చూస్తే నోరు తెరుస్తాడో ఆ బొమ్మ చూపించి ముద్ద పెట్టినట్టు."

"నాకా మనిషి బొమ్మ చూపిస్తే ముద్ద దిగుతుందాండి?"

"దిగింది కదమ్మా. తొంభై ఏడు." ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "దీన్ని చేసేటప్పుడు విద్యార్థి ఇష్టపడే గొంతుని వెతుకుతుందనుకున్నాను. పగకీ ఇష్టానికీ నుదుటి వెనక ఒకే తీరని నాకు తోచలేదు. తీసేస్తాను, ఇలా ఇవ్వండి."

ఆమె మూట వెనక్కి లాక్కుంది.

"ఉంచండి. ఆయన దగ్గరే నేర్చుకుంటాను."

ఆ అయిదేళ్లలో మాధవరేవు రేవులో రోజూ ఒక వింత జరిగేది, చూసినవాళ్లకి తెలిసేది కాదు. ఒడ్డు మీద కూర్చుని ఒక ఆడమనిషి పళ్లు బిగించి పాఠం వినేది. పుట్టుమచ్చలతో సహా చట్టాలన్నీ నోటికొచ్చాయి. ఆవుని అమ్మిన మనిషి కూడా ఆ గొంతులో శత్రువైపోయాడు, వాడి ఒప్పందంలో లొసుగులు మూడు పట్టుకుంది. ఒక్క ముక్క వదిలితే ఆ ముక్కతోనే రేపు తనని కొడతాడని ఆమె భయం. గీత ఎనభై అయిదుకి ఏ రోజూ దిగలేదు.

మూడో ఏడు ఒక పాఠంలో ఆ గొంతు అంది: "ఎదుటివాడికి పనికొచ్చే కాగితం మీ దగ్గరుంటే దాచకండి, దాస్తే నేరం. అదలా ఉంచండి. నూట ఎనభై కాగితాల మధ్య పెట్టి సగౌరవంగా కోర్టుకి సమర్పించండి. చదివేదెవరు?" జూనియర్లకెప్పుడో చెప్పిన పాఠం అది. వెనకాల వాళ్ల నవ్వు కూడా వినబడింది.

కాశీరత్నం లేచి తిన్నగా కోర్టు రికార్డు రూముకి వెళ్లింది. ఓనరు సమర్పించిన కట్ట విప్పించింది. నూట ఎనభై రెండు కాగితాలు. డీజిలు బిల్లులు, రంగు వేయించిన రసీదులు, సరంగుల సెలవు చీటీలు. నూట నలభై మూడో కాగితం ఆస్పత్రిది. ఓలేటి ధనుంజయ, రక్త పరీక్ష. మద్యం: లేదు.

ఆమె ఏడవలేదు. రికార్డు రూము గుమాస్తా ఏమన్నా కావాలా అనడిగితే, "గురువు గారు చెప్పిన చోటే ఉందండి," అంది.

ఇక మిగిలింది డిగ్రీ, సన్నదు, ఆయన. మూడోదే కష్టమైంది. ఆఖరి ఏడాది జలంధరరావుకి గుండెలో రెండు చోట్ల గొట్టాలు వేశారు. ప్రాక్టీసు మానేయమన్నారు. రేవు మెట్లు దిగుతూ మూడు చోట్ల ఆగేవాడు. కాశీరత్నం ఎదురెళ్లి చెయ్యి పట్టుకుని దింపేది. ఎండ తగలని సీటు చూపించేది. జాకెట్టు గుండె మీద ఒత్తకుండా, జారకుండా, పసిబిడ్డకి కట్టినట్టు కట్టేది. "మాత్ర వేసుకున్నారా సార్?" అని అడిగేది.

"మంచిదానివమ్మాయ్," అనేవాడాయన, పేరు కూడా అడక్కుండా.

ఆ లాంచీ సరంగు గంగులు ధనుంజయ దగ్గర పని నేర్చుకున్నవాడు. ఒకరోజు ఉండబట్టలేక అనేశాడు. "వదినా, అన్నయ్యని తాగుబోతన్న మనిషికి నువ్వీ సేవలేంటి? ఆ తాడు కాస్త వదులుగా కట్టు. మిగతాది నేనూ గంగమ్మా చూసుకుంటాం."

"నోర్ముయ్. ఈయన పోతే నేనెవరి మీద గెలవాలిరా? నెమ్మదిగా పోనియ్. కుదుపు రాకూడదు."

"అయ్య బాబోయ్. ఇదేం పగ వదినా, తల్లి ప్రేమలాగుంది!"

తీర్పు వచ్చి తొమ్మిదేళ్ల పదకొండు నెలలకి పునర్విచారణ పిటిషన్ హాలులోకొచ్చింది. నల్లకోటులో ఒక మనిషి లేచి నిలబడితే జలంధరరావు కళ్లు చికిలించి చూశాడు.

"నువ్వు జాకెట్లు కట్టే అమ్మాయివి కదూ?"

"అవునండి. ఓలేటి ధనుంజయ భార్యని కూడానండి."

ఆయన మొహంలో ఏదో కదిలింది, వెంటనే సర్దుకుంది. పిటిషన్ కొట్టేయమని ముప్పావు గంట మాట్లాడాడు. చక్కగా మాట్లాడాడు. కాశీరత్నం ఓపిగ్గా విని, మూడు పొడుగాటి మనవులు మెత్తగా చేసింది. ఓనరు కట్ట కోర్టుకి సగౌరవంగా సమర్పించబడిందని మొదట రికార్డు చేయించింది. అందులో ప్రతి కాగితమూ నిజమైనదేనని ఆయన చేతే ఒప్పించింది. ప్రతి కాగితమూ ఆయన చదివే పెట్టారని కూడా ఆయన నోటితోనే అనిపించింది. తర్వాత చిన్నగా దగ్గింది.

"అదలా ఉంచండి."

హాలంతా తలెత్తింది. జలంధరరావు తన నీడ తనకి ఎదురొచ్చినట్టు ఉలిక్కిపడ్డాడు.

"సీనియర్ న్యాయవాది గారు తమ కట్టలోని నూట నలభై మూడో కాగితం పైకి చదివి వినిపించాలని ప్రార్థన, యువర్ ఆనర్."

జడ్జీగారు చదవమన్నారు. ఆయన కాగితాలు తిప్పాడు. దొరికింది. చూశాడు. పెదవులు కదిలాయిగాని మాట రాలేదు. ఫ్యాను కింద కాగితం రెపరెపలాడింది. కాశీరత్నం అచ్చంగా ఆయన చాపినట్టే రెండు చేతులూ చాపింది.

"చదవడం వచ్చు కదా సార్?"

నవ్వు వచ్చింది. మొదట వెనక బెంచీలో, తర్వాత జూనియర్లలో, ఆపైన బంట్రోతులో. పదేళ్లుగా ఆమె ఎదురుచూసిన నవ్వు. ఆయన ఎర్రబడి, తెల్లబడి, చివరికి చిన్నగొంతుతో చదివాడు. "మద్యం... లేదు."

"కోర్టుకి వినబడలేదండి."

"మద్యం లేదు!"

ఆ మధ్యాహ్నానికి సరంగు ఓలేటి ధనుంజయ తప్పేమీ లేదని, మోయలేని జనాన్ని ఎక్కించిన ఓనరుదే తప్పని తీర్పైంది. గంగులు అన్ని లాంచీల హారన్లూ మోగించాడు. జలంధరరావు ప్రెసిడెంటు పదవికి రాజీనామా చేసి ఇంట్లో కూర్చున్నాడు. కాశీరత్నం ఇంటికెళ్లి మొగుడి ఫొటో ముందు నూట నలభై మూడో కాగితం నకలు పెట్టి, పదేళ్లలో మొదటిసారి పడుకోగానే నిద్రపోయింది.

కథ ఇక్కడ ఆపేస్తే అందరికీ బాగుండేది. పట్టీ ఆపనివ్వలేదు.

ఆమె కోటు వేసుకున్న ఏడాదిలో కేసులు వాటంతట అవే వచ్చాయి. అదే ఓనరు ఈసారి రేవులో చేపలమ్మే ఆడవాళ్ల జాగా మీద పడ్డాడు, హోటలు కడతానని. ముప్పై నాలుగు మంది బుట్టలతో సహా వచ్చి ఆమె గుమ్మం ముందు కూర్చున్నారు. కేసు ఏప్రిల్ మొదటి వారానికి పడింది. ఫిబ్రవరిలో ఆమె అరవై గంటల పాఠాలకి కూర్చుంది. పట్టీ దగ్గింది. "నమస్కారం. ఈరోజు జాగా హక్కుల కొత్త చట్టం గురించి..."

గీత ముప్పై నాలుగు.

ఎవరో ముసలాయన గొంతు. పాపం, ఆయాసపడుతున్నాడు. కాగితం ముందు మాట రాక కదిలిన ఆ పెదవులు గుర్తొచ్చాయి, వెంటనే మనసు ఎటో పోయింది. కూరలో ఉప్పు వేశానా? గంగులు కూతురికి జ్వరం తగ్గిందా? పట్టీ గొంతు మార్చింది. ఓనరు గొంతు తెచ్చింది, ముప్పై. పాత జడ్జీ గొంతు, ఇరవై ఎనిమిది. తియ్యటి ఆడగొంతు మళ్లీ వచ్చి ఆవుని అమ్మబోయింది.

"మీ కోపం తీరిపోయిందమ్మా," అన్నాడు పరంజ్యోతి. జుట్టు పూర్తిగా నెరిసింది ఆయనకి. "యంత్రం బాగానే ఉంది."

"మళ్లీ ఎక్కించండి."

"కోపం నేనెక్కించగలనా? అది కలిగించేవాళ్లు కలిగించాలి."

"అయితే ముప్పై నాలుగు మంది బుట్టలు ఏమైపోవాలండి?"

మార్చి ఇరవై తొమ్మిది నాటికి ఆమె లెక్కలో పదకొండు గంటలే ఉన్నాయి. గడువు పొడిగిస్తారేమోనని అడిగింది. ఒక్క వారం ఇస్తారట, అదీ రాబోయే రెండ్రోజుల్లో ఒక్క గంటైనా గీత డెబ్బై దాటితేనే.

ఆ ఉదయం పది గంటలకి కాశీరత్నం తన జీవితంలో ఎక్కననుకున్న మెట్లెక్కింది. జలంధరరావు వరండాలో క్రోటన్ మొక్కలకి నీళ్లు పోస్తున్నాడు. ఆమె నుదుట పట్టీ, మణికట్టు మీద తెర. నిలబడే చెప్పేసింది. దాచడానికేముంది?

"నాకు కోపం రావాలండి. ఆ రోజు అన్నారు చూడండి, అలాంటిది ఒక్క మాట అనండి. నన్నన్నా సరే, ఆయన్నన్నా సరే. ఒక్క గంట పాఠానికి సరిపోతుంది."

జలంధరరావు చెంబు కింద పెట్టాడు. నలభై ఏళ్లు సాక్షుల మొహాలు చదివిన కళ్లు ఆమె మొహం చదివాయి, తర్వాత తెర చదివాయి. ముప్పై ఒకటి.

"ఎంతమాట! కూర్చోండమ్మా," అన్నాడు. మొదటిసారి 'మీరు' అన్నాడు. స్వయంగా లోపలికెళ్లి కాఫీ తెచ్చాడు. "గంగులు చెప్పాడు. నేను బతికుండాలని నన్ను మెట్లు దింపేవారట. కన్నకూతురు చెయ్యదు. మీ ఆయన ధనుంజయ గారు ఏడుగురిని కాపాడిన మహానుభావుడు. ఆయన్ని నోరు జారి అన్నందుకు నేను రోజూ సిగ్గుపడుతున్నాను."

ఇరవై ఆరు.

"అలా కాదండి సార్. తిట్టండి. ఇంటర్ తప్పినదాన్ని, నల్లకోటు వేసుకుని ఎగురుతున్నానని అనండి!"

"ఇంటర్ తప్పి లాయరవడం ఎంత గొప్ప! మీరు మా బారుకే గర్వకారణం." ఆయన చేతులు జోడించాడు. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి.

ఇరవై. ఆమె ఆ కన్నీళ్లలో ఎక్కడన్నా కపటం దొరుకుతుందేమోనని వెతికింది. ఒక్క మెరుపు, ఒక్క వెక్కిరింపు కనబడితే చాలు, గీత లేస్తుంది. అక్కడ ఒక పెద్దాయన కృతజ్ఞత తప్ప ఏమీ లేదు. కాఫీ కూడా బాగుంది. అంత దిక్కుతోచని స్థితిలోనూ ఆమెకి ఆయన మీద జాలేసింది.

ఆయన గేటు దాకా వచ్చాడు. ఆమె నుదుటి మీద పట్టీ వదులైంది. ముందుకొచ్చి, నొప్పి పెట్టకుండా, జారకుండా, జాగ్రత్తగా బిగించి కట్టాడు.

"నిండు నూరేళ్లు బతకాలమ్మా మీరు," అన్నాడు.

తొమ్మిది.

ఆమె మలుపు తిరిగేదాకా జలంధరరావు జోడించిన చేతులు దించలేదు. తర్వాత గేటు వేసి, కళ్లు తుడుచుకుని, హాల్లోకి వెళ్లాడు. కాశీరత్నం చూడనిది ఆ హాల్లో ఉంది. బల్ల మీద హోటలు కట్టబోయే ఓనరు ఇచ్చిన వకాలతు. దాని పక్కన నల్లటి పట్టీ. పట్టీ వచ్చిన నాటి నుంచీ ఏటా ఆ అరవై గంటలకీ ఒక్కో జూనియరు నుదురు అరువు తెచ్చుకున్న మనిషి, ఈ ఏడు తన నుదుటికే కట్టుకున్నాడు. యాభై తొమ్మిది గంటలు ఇప్పటికే అయ్యాయి.

ఆయన కుర్చీలో వెనక్కి వాలి పట్టీ బిగించుకున్నాడు. చిన్నగా దగ్గిన చప్పుడైంది. అదలా ఉంచండి అంటూ, పాఠం మొదలుపెట్టే ముందు, కాశీరత్నం గొంతు రోజూ అడిగే ప్రశ్నే అడిగింది.

"చదవడం వచ్చు కదా సార్?"

తెర మీద గీత తొంభై ఎనిమిదికి లేచింది.

"వచ్చునమ్మా," అన్నాడు జలంధరరావు, పుస్తకం తెరుస్తూ.